సాలీడు చచ్చిపోయిందని ఏడ్చే పిల్లకి ఏం చెప్పాలి?

చదువరుల ప్రశ్నలు, ఒక పాత లైబ్రేరియన్ జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం మూడు రకాల పుస్తకాల గురించే వచ్చాయి. మనసుకి హాయినిచ్చే కథలు, పిల్లల కథలు, జంతువుల పుస్తకాలు. తెనాలి దగ్గర శాఖా గ్రంథాలయంలో నేను పనిచేసినన్నాళ్లూ ఈ మూడింటినీ ‘కాలక్షేపం’ బీరువాలో సర్దేవాళ్లం. తేదీలు వేసే చీటీ ముందుగా నిండిపోయేది ఆ బీరువా పుస్తకాలకే. దాని మీదే మరో చీటీ అంటించేదాన్ని. ఈ పుస్తకాలను చులకనగా చూసేవాళ్లంటే నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే. అందుకే ఈసారి జవాబులు కాస్త పొడుగయ్యాయి.

ప్రశ్న: మా అత్తగారికి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాం కానీ రాత్రిళ్లు పక్కన మేలుకుని ఉండాలి. ఫోను చూస్తే తలనొప్పి. పెద్ద నవల పడితే రెండు పేజీలకే మనసు ఎటో పోతోంది. ఈ మధ్య అందరూ జపాను పుస్తకాలంటున్నారు, కాఫీ హోటలు, పిల్లి, పాత పుస్తకాల దుకాణం అని. అవి నాలాంటిదానికి పనికొస్తాయా?
– ఒక కోడలు, విజయనగరం

జవాబు: అమ్మా, పనికొస్తాయి. అయితే అన్నీ ఒకటే అనుకుని చేతికందింది తీసుకోకండి.

చెవి ఒకటి పేషెంటు మీద వేసి ఉంచే మనిషికి నాలుగు తరాల నవల ఎలా ఎక్కుతుంది? అధ్యాయాలు చిన్నవి ఉండాలి. మనుషులు నలుగురైదుగురికి మించకూడదు. మందు వేసి వచ్చాక ఎక్కడ ఆపామో వెతుక్కునే పని ఉండకూడదు. ఆ లెక్కన సతోషి యాగిసావా రాసిన మొరిసాకి పుస్తకాల దుకాణం కథతో మొదలుపెట్టండి. జపానులో 2010లో వచ్చింది, ఇంగ్లీషులోకి 2023లో. తకాకో అనే అమ్మాయితో, ఆమె ప్రేమించినవాడు భోజనం దగ్గర కూచుని ‘నాకు పెళ్లి కుదిరింది’ అంటాడు, వేరే అమ్మాయితో, ఏదో మామూలు కబురు చెప్పినట్టు. ఆ పిల్ల ఉద్యోగం మానేస్తుంది. టోక్యోలో జింబోచో అని పాత పుస్తకాల పేట ఒకటి ఉంది. అక్కడ దుకాణం నడిపే మేనమామ ఆమెను పిలిపించుకుని పైగదిలో ఉండమంటాడు. గది నిండా పుస్తకాలు, చెమ్మ వాసన. ఆమె చదవదు. పడుకుంటుంది. ఆయన పడుకోనిస్తాడు. నాకు ఆ పుస్తకంలో అన్నిటికంటే నచ్చింది అదే. ఎవరూ వచ్చి లేపి బోధ చేయరు. ఒక రాత్రి నిద్ర పట్టక తనంతట తానే ఒక పుస్తకం తీస్తుంది.

కాఫీ హోటలు కథ తోషికాజు కవాగుచిది, 2015లో వచ్చింది. నేలమాళిగలో చిన్న హోటలు. అందులో ఒకే ఒక్క కుర్చీలో కూచుంటే గతంలోకి వెళ్లొచ్చు. కాఫీ చల్లారేలోపు తిరిగి వచ్చేయాలి. అక్కడ ఏం చేసినా ఇప్పటి జీవితం మారదు. ఆయన దీన్ని మొదట నాటకంగా రాశాడు. చదువుతుంటే ఆ సంగతి తెలిసిపోతుంది. అంతా ఒకే గదిలో జరుగుతుంది, తలుపు గంట మోగుతుంది, ఎవరో వస్తారు, మళ్లీ అవే నియమాలు చెబుతారు. వాక్యాలు గొప్పగా ఉండవు. పగలు తీరిగ్గా చదివితే విసుగొస్తుంది. రాత్రి రెండింటికి చదివితే మాత్రం, చెప్పిందే మళ్లీ చెప్పడం వల్ల దారి తప్పకుండా ఉంటాం.

అందులో ఒక కథ మీరు చదవాలి. ఫుసాగి అనే ఆయనకు మతిమరుపు జబ్బు. భార్య కోహ్‌తాకే నర్సు. ఆయన ఆమెను గుర్తుపట్టడం మానేశాడు. ఆయన ఎప్పుడో తనకు రాసి, ఇవ్వకుండా ఉంచేసిన ఉత్తరం కోసం ఆమె గతంలోకి వెళుతుంది. నన్ను పేషెంటుగా చూసే నర్సుగా నా దగ్గర ఉండొద్దు, భార్యగా ఉండలేకపోతే వెళ్లిపో, అన్నది ఆ ఉత్తరం సారాంశం. రోగి పక్కన రాత్రిళ్లు గడిపేవాళ్లకు ఆ పేజీలు కన్నీళ్లు పెట్టిస్తాయి. ఆ ఏడుపు మంచి ఏడుపు.

హిరో అరికావా పిల్లి పుస్తకం మాత్రం ఇప్పుడు వద్దు. సతోరు అనే కుర్రాడు తన పిల్లి నానాను వ్యానులో ఎక్కించుకుని, పాత స్నేహితుల దగ్గరకు ఒక్కొక్కరి దగ్గరకూ వెళుతుంటాడు, పిల్లిని పెంచుకుంటారా అని అడగడానికి. ఎందుకు వదులుకోవాలనుకుంటున్నాడో చివరికి తెలుస్తుంది. ముఖచిత్రం చూసి మెత్తటి పుస్తకమనుకుంటారు. చాలా మంచి పుస్తకమే. కానీ మీ ఇంట్లో ఆమె లేచి కూచున్నాక చదవండి.

ఇక తెలుగులో, భానుమతి రామకృష్ణగారి ‘అత్తగారి కథలు’ మీ మంచం పక్కన ఉండాల్సిన పుస్తకం. అత్తగారి మడి, అమాయకత్వం, పంతం, ఇంటిల్లిపాదీ ఆమె చుట్టూ తిరగడం. మీ అత్తగారు మాట్లాడలేకపోయినా వినగలుగుతుంటే, సాయంత్రం పూట పైకి చదవండి. ఒక కథ చాలు. ఆవిడ ముఖంలో ఏ కాస్త కదలిక వచ్చినా ఆ రాత్రి మీకు మరోలా గడుస్తుంది.

ఇంకొకటి, అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ రాసిన బోట్స్వానా డిటెక్టివ్ కథలు. మొదటి పుస్తకం 1998లో వచ్చింది. ప్రెషస్ రామోత్స్వే అనే ఆవిడ, తండ్రి వదిలి వెళ్లిన పశువులను అమ్మి గాబరోన్‌లో డిటెక్టివ్ ఆఫీసు తెరుస్తుంది. ఎర్ర ఆకుల టీ తాగుతూ, తప్పిపోయిన మొగుళ్లనీ, మోసగాళ్లనీ నెమ్మదిగా పట్టుకుంటుంది. హాయిగా ఉంటుంది. కానీ ఆ హాయి వెనక కొట్టే భర్త ఉన్నాడు, పుట్టిన కొన్నాళ్లకే పోయిన బిడ్డ ఉంది. తండ్రి గనుల్లో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఆవిడ ఆ బాధ అంతా దాటి వచ్చి టీ పోసుకుంటోందని తెలుసు కాబట్టే మనకు ఆవిడ దగ్గర కూచోబుద్ధి అవుతుంది.

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్లు. రాత్రిళ్లు పడుకునే ముందు ‘షార్లెట్స్ వెబ్’ ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెబుతూ వచ్చాను. సాలీడు చచ్చిపోయే దగ్గర వెక్కి వెక్కి ఏడ్చింది. ‘నువ్వూ చచ్చిపోతావా నాన్నా’ అని అడిగింది. నా భార్య ఇలాంటి పుస్తకాలు ఇక వద్దంటోంది. గుంటూరు నుంచి మా అమ్మ వీడియో కాల్‌లో ‘పసిదానికి ఆ చావు కథలేంట్రా’ అని కోప్పడింది. మిగతా పేజీలు చదవకుండా పుస్తకం దాచేశాను. సరిగ్గానే చేశానా?
– ఒక తండ్రి, డల్లస్

జవాబు: బాబూ, ఈ రాత్రే ఆ పుస్తకం తీసి ఆ మిగిలిన పేజీలు చదవండి. ఇప్పుడు మీ పాప దగ్గర చావు ఒక్కటే ఉంది. దాని తర్వాత ఏం జరిగిందో మీరు దాచేశారు.

చదవనివాళ్ల కోసం కథ రెండు మాటల్లో చెబుతాను. ఇ.బి. వైట్ 1952లో రాసిన పుస్తకం ఇది. విల్బర్ అనే పందిపిల్లను చలికాలంలో కోసేయాలనుకుంటారు. కొట్టంలో గడప పైన గూడు కట్టుకున్న షార్లెట్ అనే సాలీడు, ఆ పందిని పొగుడుతూ తన గూటిలో మాటలు అల్లుతుంది. జనం అది చూసి మహిమ అనుకుంటారు, పంది బతికిపోతుంది. సంతలో గుడ్ల సంచి కట్టేశాక షార్లెట్ బలం అయిపోతుంది. అందరూ వెళ్లిపోయాక ఆ ఖాళీ మైదానంలో ఒంటరిగా చచ్చిపోతుంది.

అంతటితో ఆపేస్తే అన్యాయం. విల్బర్ ఆ గుడ్ల సంచిని నోట్లో పెట్టుకుని, నమలకుండా, మింగకుండా, జాగ్రత్తగా ఇంటికి తెస్తాడు. దాన్ని పైనుంచి తెంపి ఇచ్చింది ఎప్పుడూ తన తిండే చూసుకునే ఎలుక టెంపుల్టన్, అదీ విల్బర్ తొట్టిలో తిండి ముందు తనకే అని ఒప్పందం చేసుకుని. అందులో 514 గుడ్లు. వసంతంలో పిల్లలు బయటికొస్తాయి. సన్నటి పట్టుదారం వదిలి, గాలికి తేలిపోతూ ఒక్కొక్కటీ వెళ్లిపోతుంటే విల్బర్ ఏడుస్తాడు. మూడు మాత్రం ఉండిపోతాయి, అదే గడప పైన గూళ్లు కడతాయి. మీ పాప ఆ మూడింటి పేర్లు తెలుసుకోకుండా ఎన్ని రాత్రులు పడుకోవాలి?

వైట్‌కు మేయిన్ రాష్ట్రంలో సొంత పొలం ఉండేది. పందులు పెంచేవాడు. ఒక పందికి జబ్బు చేస్తే దాన్ని బతికించడానికి తంటాలు పడి, బతికించలేక, దాని గురించి 1948లో ఒక వ్యాసం రాశాడు. అంటే ఈ కథలో చావు పిల్లల్ని ఏడిపించడానికి తెచ్చిపెట్టింది కాదు. కొట్టంలో రోజూ చూసిన సంగతి. తన పుస్తకాన్ని తనే చదివి రికార్డు చేసినప్పుడు షార్లెట్ పోయే పేజీ దగ్గర ఆయన గొంతు పూడుకుపోయిందట, మళ్లీ మళ్లీ చదవాల్సి వచ్చిందట. రాసిన పెద్దమనిషే ఏడ్చిన చోట ఎనిమిదేళ్ల పిల్ల ఏడవడంలో వింతేముంది? ‘ఊరుకో, అది కథే కదా’ అని మాత్రం అనకండి. పిల్ల అంత ప్రేమ పెట్టుకున్న దాన్ని ఒక్క మాటతో తీసిపారేసినట్టవుతుంది.

‘నువ్వూ చచ్చిపోతావా’ అన్నదానికి జవాబు దాటేయకండి. అందరూ ఎప్పుడో ఒకప్పుడు పోతారమ్మా, నాకు మాత్రం చాలా చాలా ఏళ్లు నీ దగ్గర ఉండాలని ఉంది, అని చెప్పి దగ్గరకు తీసుకోండి. ‘నేనసలు చచ్చిపోను’ అని చెబితే ఆ రాత్రికి నిద్రపోతుంది కానీ, అది అబద్ధమని పిల్లలకు తెలిసిపోతుంది.

మీ అమ్మగారికి నా మాటగా ఒకటి చెప్పండి. ఆవిడ మీకు ఆవు–పులి కథ చెప్పే ఉంటారు. అనంతామాత్యుడి భోజరాజీయంలో ఉన్న ఆ కథ తెలుగిళ్లలో ఎవరూ చదవకుండానే అందరికీ తెలుసు. ఆవు పులికి చిక్కుతుంది. దూడకు పాలిచ్చి వస్తానని మాట ఇస్తుంది. ఇంటికొచ్చి దూడకు కడుపునిండా పాలిచ్చి, ఎలా మసలుకోవాలో బుద్ధులు చెప్పి, చావడానికి బయల్దేరుతుంది. చివర్లో పులి వదిలేస్తుంది, నిజమే. కానీ ఆ వదిలేసేది వినేవరకు మనం బామ్మ ఒళ్లో బిగుసుకుపోయి, ఆ దూడ వైపు నుంచి ఎంత వణికిపోయామో గుర్తు తెచ్చుకోమనండి. పంచతంత్రంలో సంజీవకుడనే ఎద్దు, దమనకుడి కొండేల వల్ల సింహం చేతిలో చచ్చిపోతుంది. ఆ కథను తెలుగులో చెప్పిన చిన్నయసూరి నీతిచంద్రిక 1853 నాటిది. తరతరాలు అది బడిపిల్లల వాచకం. మన పిల్లల కథల్లో చావు ఎప్పుడూ ఉంది. చెప్పే మనిషి ఒడి కూడా పక్కనే ఉండేది.

నేను చూసిన కొన్ని కొత్త బొమ్మల పుస్తకాల్లో కొంగ చేపల్ని మోసం చేసి తినదు, చివర్లో ఎండ్రకాయతో స్నేహం చేసుకుంటుంది. అది నాకు అస్సలు నచ్చదు. కొంగ తీపి మాటల్ని నమ్మకూడదని తెలియడానికే కదా ఆ కథ చెప్పేది.

షార్లెట్ అయిపోయాక మీ పాపకు ‘తోత్తో–చాన్’ మొదలుపెట్టండి. తెత్సుకో కురొయానాగి తన చిన్నప్పటి బడి గురించి 1981లో రాసింది. తెలుగులో ‘రైలుబడి’ పేరుతో దొరుకుతుంది. మీరు తెలుగు పుస్తకమే చదివి వినిపించవచ్చు, అనువాదం చేసుకుంటూ పోనక్కర్లేదు. రైలు పెట్టెల్లో తరగతులు, చేరిన రోజున హెడ్‌మాస్టరు ఆ పిల్ల మాటలు గంటల తరబడి వినడం. పోలియో వచ్చిన స్నేహితుణ్ణి నిచ్చెన వేసి చెట్టెక్కించే అధ్యాయం ముందు చదవండి. ఆ పిల్లవాడు తర్వాత చచ్చిపోతాడు, ముందే చెబుతున్నాను. దాని తర్వాత ముళ్లపూడివారి ‘బుడుగు’ తీయండి, అందరూ కలిసి నవ్వడానికి.

ప్రశ్న: నేను పశువైద్యం చదువుతున్నాను. జంతువుల పుస్తకాలంటే ఇష్టం కానీ, చాలావాటిలో జంతువులు ప్యాంటు షర్టు వేసుకున్న మనుషుల్లా మాట్లాడతాయి. జంతువు జంతువుగానే ఉండే పుస్తకాలు చెబుతారా?
– విద్యార్థి, గన్నవరం

జవాబు: బాబూ, మీకైతే జేమ్స్ హెరియట్‌తో మొదలుపెట్టమని వేరే చెప్పక్కర్లేదు. అసలు పేరు ఆల్ఫ్ వైట్. గ్లాస్గోలో చదివి, 1940లో ఇంగ్లండులో యార్క్‌షైర్ వైపు థర్స్క్ అనే ఊళ్లో పశువైద్యుడిగా చేరాడు. యాభై దాటాక గానీ మొదటి పుస్తకం రాలేదు, 1970లో. ఆ పుస్తకం మొదటి పేజీలోనే ఆయన చలికి వణుకుతూ, చొక్కా లేకుండా, కొట్టంలో రాళ్ల నేల మీద బోర్లా పడుకుని ఉంటాడు, చెయ్యి భుజం దాకా ఈనలేని ఆవు లోపల. దూడ తల వెనక్కి తిరిగిపోయి ఉంది. పక్కన రైతు తాలూకు ముసలాయన ఒకడు నిలబడి, మా పశువుల డాక్టరైతే ఇలా చేసేవాడు, అలా చేసేవాడు అంటూ ఉంటాడు. వేలి చివరికి దూడ పళ్లు తగలడం, తాడు ఉచ్చు దవడకు తగిలించడం, ఆవు నొక్కినప్పుడల్లా చెయ్యి మొద్దుబారిపోవడం, ప్రతిదీ ఉంటుంది. చివరికి దూడ ప్రాణంతో బయటికొస్తుంది, తల్లి నాకడం మొదలుపెడుతుంది. మీరు రేపు ఏ పల్లెకు వెళ్లినా ఆ ముసలాయన మీకోసం కొట్టం దగ్గర సిద్ధంగా ఉంటాడు. ఆయన్ని ఎలా భరించాలో ఈ పుస్తకం నేర్పుతుంది.

జెరాల్డ్ డరెల్ గురించి చాలామందికి తెలియని సంగతి, ఆయన 1925లో మన జంషెడ్‌పూర్‌లో పుట్టాడు. గ్రీసులో కార్ఫూ అనే దీవిలో గడిపిన బాల్యం గురించి 1956లో రాసిన పుస్తకం, నవ్వకుండా చదవలేరు. పిల్లల్ని వీపు మీద మోస్తున్న తల్లి తేలును అగ్గిపెట్టెలో పెట్టి ఇంటికి తెస్తాడు. అన్న సిగరెట్టు వెలిగించుకోబోయి భోజనాల బల్ల దగ్గర ఆ పెట్టె తెరుస్తాడు. ఆ గోలలో కూడా పిల్లవాడి బాధ ఒకటే, తేలుపిల్లలు చెల్లాచెదరైపోయాయని. పెద్దయ్యాక జెర్సీ దీవిలో, అంతరించిపోయే జంతువుల కోసం జూ పెట్టింది ఆ పిల్లవాడే.

ఈ మధ్య చదివినవాటిలో నన్ను చాలా రోజులు వదలనిది క్లోయీ డాల్టన్ రాసిన కుందేలు పుస్తకం, 2024లో వచ్చింది. లాక్‌డౌన్‌లో పల్లెలో ఉన్నప్పుడు ఆమెకు దారిలో ఒక అడవి కుందేలు కూన దొరుకుతుంది. పాలు పట్టి బతికిస్తుంది. కానీ పేరు పెట్టదు. బోనులో పెట్టదు. పెంపుడు జంతువు చేసుకోదు. అది పెద్దదై పొలాల్లోకి వెళ్లిపోతుంది, ఇష్టమైతే ఇంట్లోకి వస్తుంది. మీరడిగిన ‘జంతువు జంతువుగానే’ అన్నదానికి నాకు తెలిసి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఆమె అంత ప్రేమించి కూడా కుందేలును తనది అనలేదు.

తెలుగులో డాక్టర్ కేశవరెడ్డిగారి ‘అతడు అడవిని జయించాడు’ చదవకపోతే వెంటనే చదవండి. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన మనిషి ఆయన. తప్పిపోయిన చూలు పంది కోసం పందులు కాచే ముసలివాడు అడవిలోకి వెళతాడు. ఈనిన పందికి యజమానీ శత్రువే. తన చేతి మీద పెరిగిన జంతువు తన మీదకే వస్తే ఆ ముసలివాడికి కోపం రాదు, దాని సంగతి అర్థమవుతుంది. ఇది హాయి పుస్తకం కాదు. కానీ జంతువు కళ్లలోకి సూటిగా చూసిన తెలుగు నవల ఇదే అని నా అభిప్రాయం.

జంతువు మాట్లాడే పుస్తకాలన్నీ పక్కన పెట్టేయకండి కూడా. అన్నా సెవెల్ ‘బ్లాక్ బ్యూటీ’ 1877లో వచ్చింది. గుర్రమే తన కథ చెబుతుంది. చిన్నప్పుడే కాలికి దెబ్బ తగిలి సరిగ్గా నడవలేకపోయిన ఆమె జీవితమంతా బండి గుర్రాల మీదే ఆధారపడింది. షోకు కోసం గుర్రం మెడ దించుకోకుండా బిగించే పగ్గం ఎంత హింసో గుర్రం నోట చెప్పించింది. అక్కడ మాట్లాడించడానికి ఒక పని ఉంది.

ప్రశ్న: మా మనవడికి ఆరేళ్లు. నేను ఏ కథ మొదలుపెట్టినా ‘డైనోసార్ ఉందా’ అంటాడు. లేదంటే ట్యాబ్ తీసుకుంటాడు. నాకు డైనోసార్ కథలు రావు. ఏం చేయమంటారు?
– ఒక నానమ్మ, కరీంనగర్

జవాబు: అమ్మా, డైనోసార్ మీ గోదావరి వైపుదే! తెలంగాణలో యామన్‌పల్లి దగ్గర రాళ్లలో దొరికిన ఎముకల్ని బట్టి ఒక డైనోసార్‌కు 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. మొదటి మాట అక్కడి రాతిపొరల పేరు, రెండోది ఆ ఊరి పేరు. దాదాపు 9 మీటర్ల పొడవు. ఆకులు తినేది. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. వాణ్ణి తీసుకెళ్లి చూపించండి.

కథ మీరే కట్టండి. ఆకులు తినే డైనోసార్ పిల్ల ఒకటి ఉందిరా, వాళ్లమ్మ గోదావరి ఒడ్డుకు నీళ్లకని వెళ్లింది, అని మొదలుపెడితే మిగతాది వాడే అడిగి అడిగి చెప్పిస్తాడు. ఆవు–పులిలో ఆవు బదులు కోటాసారస్‌ని పెట్టినా నాకు అభ్యంతరం లేదు. పేరు మారినా దూడ ఎదురుచూపు అదే. బొమ్మలు కావాలంటాడు కాబట్టి, ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా చదువుకోవచ్చు. ఆ ట్యాబ్‌లోనే తెరిచి వాడి పక్కన కూచోండి. అచ్చుపుస్తకాలకైతే సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ వాళ్ల జాబితా తెప్పించుకోండి. అక్షరాలు పెద్దవి, ధర తక్కువ.

ప్రశ్న: రైతులు అప్పుల్లో మునిగి ఉంటే మీరు జపాను కాఫీ, ఇంగ్లండు ముసలివాళ్లు హంతకుల్ని వెతికే కథలు సిఫారసు చేస్తున్నారు. ఇది పలాయనం కాదా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: అయ్యా, మీ కోపం వెనక ఉన్న బాధ నాకూ ఉంది. కానీ ఈ పుస్తకాలు ఎవరు తీసుకెళ్లేవాళ్లో నేను కళ్లారా చూశాను. దుగ్గిరాల పసుపు యార్డులో పనిచేసే ఒకావిడ మా లైబ్రరీకి వచ్చేది. కూలి ముగించుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని వచ్చి, బైండు చేసిన చందమామలే అడిగేది. ఆమె తిరిగిచ్చిన సంపుటాల్లో పేజీ మూలల మీద పసుపు వేలిముద్రలు ఉండేవి. బేతాళ కథలున్న పేజీల మీద మరీ ఎక్కువ. పన్నెండు గంటలు నిలబడ్డ మనిషి రాజు భుజం మీద శవంతో నడుస్తుంటే చదువుకుంది. ఆమె ఎక్కడికీ పారిపోలేదు. తెల్లారి మళ్లీ యార్డుకే వెళ్లేది.

ఇక మీరన్న హత్య కథల సంగతి. రిచర్డ్ ఆస్మన్ 2020లో మొదలుపెట్టిన కథల్లో నలుగురు వృద్ధులు వాళ్లుండే రిటైర్మెంట్ కాలనీలో కూచుని పాత కేసులు తిరగేస్తారు. వాళ్లలో ఎలిజబెత్ అనే ఆవిడ, స్పృహ లేకుండా మంచాన ఉన్న స్నేహితురాలి దగ్గర కూచుని రోజూ కబుర్లు చెబుతుంది. ఇంటికొస్తే భర్తకు మతి తప్పుతోంది. హంతకుడెవరో నేను మర్చిపోయాను. ఆ మంచం పక్క కబుర్లు మర్చిపోలేదు.

అయితే ఒకటి ఒప్పుకుంటాను. ముఖచిత్రం మీద పిల్లి, కిటికీ, కప్పు బొమ్మ వేసి, లోపల ఎవరికీ ఏమీ జరగని పుస్తకాలు కుప్పలుగా వస్తున్నాయి. వాటిని నేను ఎవరికీ చెప్పను. కష్టం తెలియని పుస్తకం కష్టంలో ఉన్నవాళ్లకు అక్కరకు రాదు.

ప్రశ్న: అటక మీద నాన్నగారి 1960ల నాటి చందమామలు దొరికాయి. పిన్నులు తుప్పుపట్టి పేజీలు ఊడిపోతున్నాయి. సెలోటేపు వేయనా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: టేపు వద్దే వద్దు తల్లీ. కొన్నేళ్లకు జిగురు పసుపురంగుకు తిరిగి కాగితంలోకి దిగిపోతుంది, టేపు ఊడిపోతుంది, మరక ఉండిపోతుంది. శంకర్ గారి బేతాళుడి బొమ్మ మీద ఆ చార పడితే ఇక పోదు.

ముందు తుప్పు పిన్నుల్ని మొండి చాకు మొనతో మెల్లగా పైకి లేపి, వెనక నుంచి తీయండి. లాగకండి, కాగితం చిరుగుతుంది. మడత దగ్గర చిరిగిన ప్రతి పేజీకీ పల్చటి తెల్ల కాగితం సన్నగా కత్తిరించి, లోపలి వైపు అంటించండి. జిగురు ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండు చెంచాల మైదా చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్న సెగ మీద తిప్పుతూ ఉంటే గాజులా మెరుపు వస్తుంది. అప్పుడు దించి, చిటికెడు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) పొడి కలపండి. పురుగు పట్టదు. జిగురు పల్చగా రాయాలి. ఎక్కువైతే కాగితం ఆరేటప్పుడు ముడుచుకుపోతుంది. అంటించిన పేజీలకు అటూ ఇటూ తెల్ల కాగితం పెట్టి, పైన బరువు పెట్టి ఒక రాత్రి ఉంచండి. ఆరాక పాత పిన్ను రంధ్రాల్లోంచే నూలు దారంతో కుట్టండి, కొత్త రంధ్రాలు చేయకండి. మళ్లీ పిన్నులు కొట్టకండి.

చందమామ 1947 జులైలో మొదలైంది. మీ దగ్గరున్నవి కొడవటిగంటి కుటుంబరావుగారు చూసిన సంచికలు. సంచికలన్నీ వరసలో పెట్టి, ఏ నెలవి లేవో రాసుకోండి. సీరియల్ మధ్యలో తెగిపోయిన నెలలు పాత పుస్తకాల షాపుల్లో అడిగితే దొరకవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పకుండా తీసుకోండి. మైలుతుత్తం విషం. పొట్లం పిల్లలకు అందకుండా పెట్టండి, జిగురు కలిపిన గిన్నె మళ్లీ వంటకు వాడకండి.